ఫిర్యాదు రాని వారం

ఆ పొద్దున మబ్బు కురవనూ లేదు, తొలగనూ లేదు. వీధి మీదికి వంగి, ఎటూ తేల్చుకోలేని మనిషిలా నిలబడింది. ఆ దర్జీల ఇంటి కుట్టుగదిలో పగలే లైటు వేసుకోవలసి వచ్చింది. కిటికీ పక్క బల్ల ముందు కూర్చున్న కోడలి పరిస్థితీ ఆ మబ్బు లాంటిదే. ఆమెకూ సంగతి తేలడం లేదు.

కొలతలు ఇస్తే బట్ట కత్తిరించుకోవడానికి కాగితపు నమూనా గీసిచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి ఆమె రాసింది. దానికి వెల లేదు. ఎవరైనా తీసుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చు, మార్చుకుని నలుగురికీ పంచవచ్చు. నిజానికి ఆమె రాసింది సగమే. తక్కిన సగం ఎక్కడెక్కడో ఉన్న దర్జీలు చేసిన ఫిర్యాదుల పుణ్యమా అని తయారైంది. మెడ జారిపోతోందని ఒకరు, గూని ఉన్నవాళ్ళకి వీపు చాలడం లేదని ఇంకొకరు. ఇన్నాళ్ళూ కోడూ ఫిర్యాదులూ పెట్టుకున్న సైట్‌ను దాని యజమానులు మూసేస్తున్నారు. ఇప్పుడు వేరే చోటు చూసుకోవాలి. కోడ్ పోతే మళ్ళీ రాసుకోవచ్చు, తప్పులు చెప్పే మనుషులు చెదిరిపోతే ఎక్కడ వెతికేదని ఆమె బెంగ.

చూడగా చూడగా రెండు చోట్లు మిగిలాయి. ఒకటి పెద్దది, లోకమంతా అక్కడే ఉంది. మరిది మనసు దాని మీదే. రెండోది కొందరు కలిసి చందాలు వేసుకుని నడుపుకునేది. అందులో ఒక పేజీ తెరుచుకునేలోగా సూదిలోకి దారం ఎక్కించుకోవచ్చు.

"పెద్ద బజార్లో కొట్టు దొరుకుతుంటే సందు చివర పెడతానంటావేంటి వదినా?" అనేవాడు మరిది.

"సందులోవాళ్ళయితే పలకరిస్తారు కదా బాబూ."

"పలకరింపులకి సాఫ్ట్‌వేర్ ఎందుకు, కిటికీ చాలు."

చివరికి ఆ ఇంటి పద్ధతే పట్టుకున్నారు. అక్కడ ఏ బట్టకైనా ముందు కచ్చాకుట్టు వేసి, తొడిగించి చూసి, ఆ తర్వాతే గట్టికుట్టు. అలాగే ప్రాజెక్టును వారం రోజులు పెద్ద సైట్లో కచ్చాగా పెట్టి, వాడేవాళ్ళందరినీ అటు రమ్మన్నారు.

ఆ వారం ఆ పొద్దుటితో అయిపోయింది. మరిది టీ కప్పు పట్టుకుని, ముఖమంతా నవ్వు చేసుకుని వచ్చాడు.

"చూశావా వదినా, వారంలో ఒక్క ఫిర్యాదు లేదు. మెచ్చుకుంటూ నక్షత్రాలు మాత్రం కుప్పలు పోశారు. మన సరుకులో ఇంక వంక లేనట్టే. గట్టికుట్టు వేసేద్దాం."

ఆమెకూ లోపల పొంగింది. అబద్ధమెందుకు, మనసు గాల్లో తేలింది. ఇకమీదట ఇక్కడే ఉంటామని అందరికీ చెప్పే కబురు టైపు చేసింది కూడా. పంపబోతుంటే వెనక కుట్టుమిషను చప్పుడు లేదని తోచింది. తిరిగి చూసింది. అత్తగారు బ్లేడుతో ఒక చొక్కా కుట్లు విప్పుతోంది.

"ఏం విప్పుతున్నారు అత్తయ్యా?"

"చెయ్యి."

"ఎవరు కుట్టింది?"

"నేనే కుట్టాను. కాగితం నీది. చెయ్యి ఎత్తితే చొక్కా మొత్తం మీదికొస్తోంది."

"మరి చెప్పలేదేం?"

"వారం నుంచీ చెబుదామనే చూస్తున్నా. ఆ పెద్ద సైటు అకౌంటు తెరవమంది, తెరిచాను. ఫోనుకి అంకెలొస్తాయంది. నేను కళ్ళజోడు వెతుక్కునేలోగా అవి చెల్లవంది. తర్వాత నువ్వు మనిషివేనా అని బొమ్మలు పెట్టింది. మెట్లున్నవన్నీ నొక్కమంటే నొక్కాను. కాదంది. నేను మనిషినే కాదని తేల్చాక ఇంకేం మాట్లాడను?"

"ఒకే గదిలో ఉన్నాం కదా. నోటితో చెప్పొచ్చుగా?"

"నోటితో చెబితే మర్చిపోతాను, ఏదైనా రాసే పెట్టండి అని రూలు పెట్టిందెవరు?"

మరిది పగలబడి నవ్వాడు. "నువ్వు మనిషివేనని నేను సంతకం పెడతాలే అమ్మా."

"ముందు నీకెవరు పెడతారో చూసుకోరా."

కోడలి భర్త మూలన ఇస్త్రీ చేస్తూ, నవ్వాపుకోబోయి కాలరు మాడ్చాడు.

కోడలు నవ్వలేదు. గుమ్మంలో నిలబడి గొడవపడి వెళ్ళిన మనిషి మళ్ళీ రావడం ఆమె ఈ కొట్లోనే చూసింది. బాగుందని తలూపి వెళ్ళిన మనిషి వీధి మలుపులో ఇంకో దర్జీ దగ్గర కనబడడమూ చూసింది. వారం పాటు ఎంతమంది ఆ మెట్ల బొమ్మల దగ్గర ఆగి వెనక్కి పోయారో. టైపు చేసిన కబురు చెరిపేసింది.

"ఇందులో రాసి చూడండి అత్తయ్యా," అని చిన్న సైట్ చిరునామా చూపించింది. దానికి అకౌంటు అక్కర్లేదు, ఒక ఈమెయిల్ పంపితే చాలు.

అత్తగారు ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టి పంపింది. "వెళ్ళిందా?"

"వెళుతోంది."

"ఇది నత్తకి ఏమవుతుంది, మేనకోడలా?"

కాసేపటికి తెర మీద ఆవిడ మాటలు వచ్చి నిలిచాయి: 'చెయ్యి ఎత్తనివ్వడం లేదు. గీసినవాళ్ళు ఒకసారి ఎత్తి చూసుకోండి.'

మరిది అది చదివాడు. కప్పు కింద పెట్టి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "సరే వదినా. ఇల్లు ఇక్కడే కడదాం. పెద్ద సైట్లో నకలు ఒకటి ఉంచుదాం, చూసేవాళ్ళు అక్కడ చూసుకుంటారు. చెప్పుకునేవాళ్ళకి మాత్రం దారి ఇటు. రెండూ ఒకేలా ఉండేట్టు నేను చూసుకుంటా."

"మరి నీ నక్షత్రాలు?"

"పగటిపూట వాటితో మనకేం పనిలే."

తిట్టడానికి ఈమెయిల్ ఉంటే చాలని అందరికీ కబురు పంపారు. మధ్యాహ్నానికల్లా మొదలైంది. జేబు వంకర, కాలరు పొట్టి, నమూనాలో గీత మాయం, వారం నుంచీ గింజుకుంటున్నాం మీ గుమ్మం ఎక్కలేక. ఒక్కో తిట్టూ వచ్చినప్పుడల్లా కోడలి ముఖం విప్పారుతుంటే, "దీనికి దిష్టి తగిలిందేమో చూడరా," అంది అత్తగారు.

ఆ వరసలోనే ఒకాయన రాసింది వచ్చింది. తన కొడుక్కి ఒక చెయ్యి పొట్టిదట. రెండు చేతులకూ వేర్వేరు కొలతలు ఇవ్వాలంటే చోటే లేదట. తప్పయితే మన్నించమని కూడా రాశాడు. ఆమె అది పైకి చదివింది. చదివాక ఇంకెవరూ హాస్యాలాడలేదు. రెండు చేతులూ ఒక్కలా ఉంటాయని ఆమెకెవరూ చెప్పలేదు, తనంతట తానే అనుకుంది.

భర్త ఇస్త్రీపెట్టె ఆపి, కత్తిరింపు బల్ల మీది గుడ్డలు పక్కకి జరిపి కంచాలు పెట్టాడు. నలుగురూ చుట్టూ కూర్చున్నారు. అత్తగారు అందరికీ వడ్డించి, కోడలికి ఇంకాస్త వేసింది. ఆమె వద్దనలేదు. తిని లేచి, కొలతల్లో 'చెయ్యి' అని ఉన్న ఒక్క గడినీ కుడి, ఎడమ అని రెండు చేసింది.