దాచుకున్న రుచి

మేస్త్రీకి ముక్కు పోయిన సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు మేస్త్రీ, రెండోవారు ఆయన ఇల్లాలు. ముక్కు పోవడమంటే, ఉన్నచోటే ఉంది, కళ్ళజోడు మోస్తూనే ఉంది. కానీ చలికాలంలో వచ్చిన జ్వరం దిగుతూ దిగుతూ వాసన తెలిసే గుణాన్ని వెంటపెట్టుకుపోయింది. నాలుకకు చేదు, పులుపు, తీపి మాత్రం అందుతున్నాయి. మిగతాదంతా గోడ అవతలి మాటల్లా, వినపడీ వినపడనట్టు ఉంది.

దర్జీకో తాపీ పనివాడికో అయితే ముక్కు లేకపోయినా ఇల్లు గడిచిపోతుంది. ఈయన బీరు కాచే మేస్త్రీ. అదీ ఒకే రుచిని వేల సీసాల్లో నింపే ఫ్యాక్టరీ పని కాదు. ఇంటి వెనక షెడ్డులో నాలుగు చిన్న ట్యాంకులు, మూలన ఒక చెక్కపీపా. ఒక్కోదాంట్లో ఒక్కో రకం. కన్నబిడ్డల్లా దేని గుణం దానిదే.

కాచిందంతా ఇల్లాలి అన్నయ్య నడిపే బీరు దుకాణానికి పోతుంది. షెడ్డు ఆ అన్నయ్యదే, ట్యాంకులూ ఆయనవే. ఆయనకొక పట్టింపు. ఏ ట్యాంకు తెరిచినా ముందు మేస్త్రీ తాగి దాని గుణం చెప్పాలి. ఆ తరువాతే ఆయన గ్లాసు ముట్టుకుంటాడు. మేస్త్రీ చెప్పిన మాటలనే దుకాణంలో పలక మీద సుద్దముక్కతో రాయిస్తాడు. "నోటితో చెప్పలేని బీరును నోటికి అమ్మలేం" అంటాడు. వాసన తెలియని మేస్త్రీ ఆయనకు ఎందుకు? చెల్లెలి మొగుడన్న మొహమాటం ఒక పూట ఆపుతుందేమో గాని, రెండో పూట ఆపదు.

అందుకే ఆ పొద్దున ఇల్లాలు షెడ్డులోకి వచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆ షెడ్డు ఊడ్చింది, గ్లాసులు కడిగింది గాని ఒక్క చుక్క నోట పెట్టలేదు. దేవుడికి దీపం పెట్టనిదే కాఫీ కూడా ముట్టని మనిషి. ఆ రోజు దీపం ముందు మామూలుకన్నా కాస్త ఎక్కువసేపు నిలబడింది.

"స్వామీ, ఇది నా నాలుక కోసం కాదు, మా ఆయన ముక్కు కోసం. కోపమొస్తే నా మీద చూపించు. ట్యాంకుల మీద చూపించకు."

దేవుడు ఏమీ అనలేదు. ఆయన అలవాటే అది. ఒప్పుకున్నాడనుకోవాలో, ఊరుకున్నాడనుకోవాలో ఇన్నేళ్ళయినా ఆవిడకు తేలలేదు.

షెడ్డు పైకిటికీలోంచి ఎండ ఏటవాలుగా దిగుతోంది. మేస్త్రీ బల్ల తుడిచి, పొట్టి గ్లాసు ఒకటి ముందు పెట్టాడు.

"ఇది గోధుమ బీరు. గటగటా తాగకు. ముందు వాసన చూడు, తరువాత చిన్న గుక్క. ఏది గుర్తొస్తే అది చెప్పు. తప్పు, ఒప్పు లేవు."

"నాకేం గుర్తొస్తుందండీ? తాగినదాన్నా, పెట్టినదాన్నా?"

"నీకు గుర్తురానిదేముంది? మన పెళ్ళిలో నేను తప్పిన మాటలన్నీ గుర్తున్నాయి కదా."

గ్లాసు మబ్బుపట్టిన పసుపు రంగులో ఉంది. ఆవిడ ముక్కు దగ్గరికి తెచ్చింది. మొదట బాగా మగ్గిన అరటిపండు. దాని వెనక, ఎవరో తలుపు చాటున నిలబడినట్టు, లవంగం. గుక్క మింగి కళ్ళు మూసుకుంది. నురుగు మెత్తగా, వెచ్చని దుప్పటిలా పరుచుకుంది.

"స్నానం చేయించి తుడిచిన చంటిపిల్ల తల..." అంది నెమ్మదిగా. "అరటిపండు తిని పడుకున్న పిల్ల."

మేస్త్రీ పెదాలు కదిపి ఆ మాటలు వల్లె వేసుకున్నాడు. పరీక్షకు పోయే పిల్లవాడిలా ఉన్న మొగుణ్ణి చూసి ఆవిడకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

రెండోది రాగిరంగు. చేదు కోసం హాప్స్ పూలు దండిగా వేసి కాచినది. నారింజ తొక్క గిల్లినప్పుడు కంటిలోకి చిమ్మే ఘాటు, అప్పుడే కోసిన గడ్డి, ఆపైన నాలుక వెనక నిలబడి కదలనని మొరాయించే చేదు. "ఇది మా మేనత్త. మొదట నవ్విస్తుంది, పోయేముందు ఒక మాట అని పోతుంది" అంది. మేస్త్రీ ఫక్కున నవ్వాడు. ఆ చేదు ఒక్కటి ఆయనకు తెలుస్తూనే ఉంది.

మూడోది పుల్లది. పచ్చి ద్రాక్ష కొరికినట్టు దవడలు రెండూ లాగేసి, వెంటనే నోరంతా కడిగినట్టు శుభ్రం చేసింది. వానలో తడిసి ఇంటికొచ్చి పొడి బట్టలు కట్టుకున్నంత హాయి. ఆవిడకు ఎండ కూడా కొంచెం పక్కకు జరిగినట్టు తోచింది. ట్యాంకుల లోపల గుసగుసమంటున్న బుడగల చప్పుడు, ఎక్కడో నిద్రలో విన్న మాటల్లా దగ్గరగా వినిపించింది.

నాలుగోది బంగారు రంగు. నిలకడగా, అద్దంలా ఉంది. అన్నయ్య ఆ సాయంత్రం దుకాణంలో తెరుస్తున్న కొత్త గదిలో ముందుగా పోయబోయేది అదే.

ఆవిడ తాగింది. ఒక్కసారిగా చిన్నప్పటి వంటగది వచ్చింది. పొయ్యి మీద వెన్న కాగుతోంది. అమ్మ గిన్నె వంచి చూస్తోంది. అడుగున గోధుమరంగు గసి, గదంతా కమ్మని వాసన. గిన్నె గోకిపెట్టమని గడప మీద కూర్చుని అడిగే పిల్ల తనే. ఆవిడ ఇంకో గుక్క వేసింది. అడగకుండానే మూడోదీ వేసింది. గ్లాసు అడుగంటింది.

"ఏమిటి, చెప్పు?" అన్నాడు మేస్త్రీ.

ఆవిడ ఉలిక్కిపడింది. దీపం ముందు అన్న మాట గుర్తొచ్చింది. నాలుక కోసం కాదని చెప్పి వచ్చింది కదా! మరి ఇప్పుడు నాలుక ఇంకా అడుగుతోందేమిటి? దేవుడికి వినపడకుండా మొగుడికి చెప్పడం ఎలా? ముఖం వేడెక్కింది.

"బాగుంది" అంది, గ్లాసు దూరంగా జరిపి. "ఏం ఢోకా లేదు."

"అంతేనా?"

"అంతేనండీ. బీరులాగే ఉంది."

మేస్త్రీ కాసేపు ఆవిడ ముఖంలోకి చూసి, తల ఊపి, కుళాయి కట్టేశాడు.

మధ్యాహ్నం అన్నయ్య వచ్చాడు. చెప్పులు గుమ్మంలో ఒకటి ఇటు, ఒకటి అటు విసిరి, బల్ల ముందు కూర్చున్నాడు.

"కానీయవయ్యా మేస్త్రీ. బండి బయటే పెట్టాను. చెల్లీ, నువ్విక్కడ ఏం చేస్తున్నావే?"

"గ్లాసులు కడగాలిగా అన్నయ్యా."

మేస్త్రీ గోధుమ బీరు ఎత్తి, వాసన చూసినట్టు చూసి, గుక్క వేసి, కళ్ళు మూశాడు. "స్నానం చేయించి తుడిచిన చంటిపిల్ల తల" అన్నాడు.

అన్నయ్య గ్లాసు సగంలో ఆపాడు. "ఏమన్నావ్?"

"అరటిపండు తిని పడుకున్న పిల్ల."

"పిల్లలకు స్నానం చేయించిన చెయ్యేనా నీది? పోయినసారి దాకా మాల్టు, లవంగం, నురుగు అనేవాడివి. జ్వరం పడి లేచి కవివయ్యావా బావా?" అని నవ్వి తాగాడు. నవ్వు మధ్యలో ఆగింది. "అయినా... నిజమేనయ్యో. చంటిపిల్లే."

రెండోదానికి మేస్త్రీ మేనత్త మాట ఎత్తినప్పుడు మాత్రం అనుమానంగా చెల్లెలి వైపు చూశాడు. ఆ మేనత్త ఆయనకూ మేనత్తే. ఆవిడ గ్లాసు తుడుస్తూ తల ఎత్తలేదు. పుల్లదానికి లొట్టలు వేశాడు. నాలుగోది వచ్చింది.

"బాగుంది" అన్నాడు మేస్త్రీ. "ఏం ఢోకా లేదు."

"ఇంతసేపు పురాణం చెప్పి, అసలుదానికి ఇంతేనా?" అన్నయ్య తాగాడు. భుజాలు దిగాయి. కళ్ళు అరమూతలు పడ్డాయి. "అబ్బా! ఇదీ బీరంటే. ఎంత కమ్మగా ఉందయ్యా! వెన్న కాచినట్టు..."

మేస్త్రీ చేతిలో గ్లాసు బల్లకు తగిలి చప్పుడైంది.

బంగారు రంగు బీరులో వెన్న వాసన రాకూడదు. ఇల్లాలికి అది తెలియదు, ఆయనకు తెలుసు. ఈస్ట్ పులియబెట్టే పనిలో ఆ వాసన పుట్టించి, చివర్లో తనే దాన్ని తినేస్తుంది. వాసన ఇంకా మిగిలి ఉందంటే పని ముగియలేదని, ట్యాంకు తొందరపడి తెరిచామని అర్థం.

ఆయన అన్నయ్యను చూడలేదు. భార్యను చూశాడు. "నీకూ అలాగే అనిపించిందా పొద్దున?"

అవునంటే తాను తాగిందని తేలిపోతుంది. తాను ఎందుకు తాగిందో తేలిపోతుంది. కాదంటే ఆ బీరు ఈ సాయంత్రం ఊరందరి గ్లాసుల్లోకి, ఈయన పేరు మీద పోతుంది. ఆవిడ తుడుపుగుడ్డ మడిచి, మళ్ళీ విప్పింది.

"అనిపించిందండీ. అమ్మ వెన్న కాచిన గిన్నె గుర్తొచ్చింది. మరీ బాగుందని... చెప్పడానికి సిగ్గేసింది."

"నువ్వు తాగావా?" అన్నయ్య నోరు తెరిచాడు. "మన ఇంట్లో బెల్లం పానకం కూడా వాసన చూసి తాగే పిల్లవి, నువ్వు తాగావా? ఏమయ్యా, మా చెల్లెలికి..."

"నాకు వాసన తెలియడం లేదు బావా" అన్నాడు మేస్త్రీ. "జ్వరం వచ్చినప్పటి నుంచి. పొద్దున ఆవిడ చెప్పినవే నేను చెప్పాను. ఇది మాత్రం పోయకు. ఇంకా కాలేదు. వెచ్చగా ఇంకొన్నాళ్ళు ఉండనీ, ఈస్ట్ తన ఎంగిలి తనే ఎత్తేస్తుంది."

అన్నయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కోపం రావాలో వద్దో తేలక గ్లాసులో ఉన్నది తాగేశాడు. "నాకు నచ్చింది. జనానికీ నచ్చుతుంది. ముక్కు లేనివాడు కాలేదంటే, ముక్కున్నవాణ్ణి నేను బాగుందంటున్నాను. ఎవరి మాట వినాలి?"

"అయితే ఇంకోటి తాగు" అన్నాడు మేస్త్రీ, కుళాయి విప్పుతూ.

అన్నయ్య పంతంగా రెండోది ఎత్తాడు. ఇల్లాలు కూడా తన గ్లాసులో కాస్త పోసుకుంది. ఈసారి ఎవరికీ దాచనక్కర్లేదు. వంటగది వచ్చింది గాని గిన్నె మరీ జిడ్డుగా ఉంది. నాలుక మీద నూనె పొర ఒకటి నిలిచి, కిందికి దిగనంది. అన్నయ్య సగంలో గ్లాసు దించి, అంగిట్లో నాలుక రాసుకున్నాడు. బయట బండివాడు ఒకసారి హారను కొట్టాడు.

"జిడ్డు" అన్నాడు చివరికి, ఎవరో బలవంతాన చెప్పించినట్టు. "మూడో గ్లాసు ఎవడూ అడగడు."

"అడగడు."

"వాసన తెలియకుండా ఎలా పట్టావయ్యా?"

"పట్టింది నువ్వే. వెన్న అన్నావు కదా, నాకు ఆ మాట చాలు."

అన్నయ్య లేచి షెడ్డులో అటూ ఇటూ తిరిగాడు. "బాగానే ఉంది. కానీ దుకాణానికొచ్చే వాళ్ళకు ఏం చెప్పను? ముక్కు లేని మేస్త్రీ చేత బీరు కాయిస్తున్నానని చెప్పనా? నవ్వరూ?"

"ముక్కు లేకపోవడమేమిటి అన్నయ్యా" అంది ఇల్లాలు. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం, నాలుగు గ్లాసులదో, నిజం చెప్పేసిన తేలికదో. "నన్ను ఈయనకు ఇచ్చింది నువ్వే. కళ్ళు, కాళ్ళు ఇచ్చి ముక్కు నీ దగ్గర ఉంచుకున్నావా? దాంతో సహానే ఇచ్చావు."

అన్నయ్య నవ్వకూడదనుకున్నాడు. మీసం ఒప్పుకోలేదు.

"సరే. మూడు రకాలు బండెక్కించండి. కొత్త గది మూడింటితోనే తెరుస్తాను. ఇకనుంచి బల్ల దగ్గర మా చెల్లి కూర్చోవాలి, మొదటి మాట తనే చెప్పాలి. కానీ చెల్లీ, నచ్చిందని దాచావో, నచ్చలేదని దాచావో, ఆ రోజుతో సరి. నాకు మొహమాటం లేదని నీకు తెలుసు."

"తెలుసు అన్నయ్యా."

పీపాలు బండెక్కాయి. అన్నయ్య వెళ్తాడనుకుంటే వెళ్ళలేదు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. మేస్త్రీ మూలనున్న చెక్కపీపా దగ్గరికి వెళ్ళి మూడు గ్లాసులు నింపి తెచ్చాడు. మాడకుండా నల్లగా వేయించిన బార్లీతో కాచినది, ఎవరూ ఇంకా రుచి చూడనిది. ఎండ ఆ నలుపు మీద పడి, అంచున మాత్రం మాణిక్యంలా ఎర్రబడింది. పైన నురుగు లేత గోధుమరంగులో కదలకుండా కూర్చుంది.

మగవాళ్ళిద్దరూ గ్లాసు ముట్టకుండా ఆవిడ వైపు చూశారు.

సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఏం చెప్పాలో ఆవిడ ఆలోచించింది. స్వామీ, పొద్దున కాస్త అబద్ధమాడాను, అది నా నాలుక కోసం కూడా, అని చెప్పేస్తే సరి. పండులో తీపి పెట్టినవాడికి, గింజలో ఈ నలుపు దాచినవాడికి, ఒక మనిషి అది కనుక్కుని సంతోషిస్తే కోపం వస్తుందా? వస్తుందేమో. అడిగి చూడాలి.

ఆవిడ గ్లాసు ఎత్తింది. వాసన చూసింది. చిన్న గుక్క వేసి, తొందరపడకుండా మింగింది.

"చలిమంట ఆరిపోయింది" అంది కళ్ళు మూసుకుని. "అందరూ లోపలికి వెళ్ళి పడుకున్నారు. నేనొక్కదాన్నే బయట ఉన్నాను. బూడిదలో చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉంది. పక్కన ఎవరో కాఫీ గ్లాసు మరిచిపోయారు. చేదుగా ఉంది, కానీ కసరడం లేదు. అడుగున బెల్లం ముక్క కరగకుండా మిగిలింది, అది ఇప్పుడే తగిలింది..."

"ఆ చేదు నాకూ తెలిసింది" అన్నాడు మేస్త్రీ మెల్లగా. ఆయన కూడా కళ్ళు మూసుకుని, ఆవిడ చెప్పిన చోటల్లా ఆగుతూ తాగుతున్నాడు. "తరువాత?"

"ఉండండి. ఇంకా వస్తోంది."