నా ఒంటి పొడవంత తప్పు

నేను ఒక కొలత గొలుసును. ఆ రోజు కరణంగారి ఇంట్లో ఎవరెవరున్నారో ముందు చెబుతాను. వసారాలో కరణం బెహరా నీలకంఠంగారు, ఆయన పక్కన కొలతలు వేయించే అమీను, లోపలి గడప దగ్గర కరణంగారి భార్య సుభద్రమ్మ, అరుగు కింద నన్ను లాగే గవరయ్య, ఊటగెడ్డ ఊరి నుంచి పొద్దున్నే నడిచి వచ్చిన ముసలి తవిటమ్మ. బల్ల మీద పటం. దాన్ని చివర చెప్పడం కూడా నా ఈర్ష్యే. నేను ఆ బల్ల కింద కుప్పగా పడి ఉన్నాను.

అది గంధవలస పరగణా పటం. కొత్తగా గీసి గుడ్డకు అంటించారు. తూర్పున ఇసుక మీద తాటితోపులు, పడమట కొండ, నడుమ పారే మూడు గెడ్డలు. ఏ కాలంలోనో ఒక రాజు తన సేనాపతికి ఈ ఊళ్ళన్నీ కట్టగట్టి ఇచ్చాడట. సేనాపతి మనవలు కట్టిన మట్టికోట కందకంలో ఇప్పుడు పిల్లలు చేపలు పడుతున్నారు. పటంలో మాత్రం కోట ఇంకా నిలబడే ఉంది.

ఆ నీలం, పచ్చ రంగుల కింద ఉన్న దూరమంతా నేను ఈడ్చుకుపోయిన దూరం. ముళ్ళలో, రాళ్ళ మీద, దున్నిన మడుల్లో. ఆ మాట ఒక్కరూ అనలేదు. ఎంత ముద్దుగా ఉందో అంటూ సుభద్రమ్మ పటం మీది దుమ్ము కొంగుతో తుడిచింది. నా ఒంటి మీది బురద రాలితే వసారా పాడవుతోందని విసుక్కుంది.

ఈ బాధ నాకు కొత్త కాదు. నేను పుట్టింది ఐర్లండులో. అక్కడ కొన్ని ఊళ్ళు కలిసిన పాత సీమను బారనీ అంటారు, మన పరగణా లాంటిదే. నన్ను మొదట లాగింది అలాంటి ఒక బారనీలో. ఒక పక్క సముద్రం, ఒక పక్క గాలికి వంగిన గడ్డికొండలు, మధ్యలో కాలు పెడితే మోకాలిదాకా దిగిపోయే నల్లని నేల. దాన్ని ఏలిన వంశం అంతరించి, వాళ్ళ కోటగోడల మీద మేకలు ఎక్కుతున్నాయి. వాళ్ళ పేరు మాత్రం ఆ బారనీకి మిగిలింది. అక్కడా నేను బురదలో దొర్లాను. అక్కడా పటాన్నే గోడకు వేలాడదీసి, దీపం పెట్టి చూశారు.

నన్ను ఇక్కడికి తెచ్చిన దొర, యాభై ఏళ్ళ కిందట, కొండ మీది నిలువురాయి నుంచి పడమరకు నాతో నూరు గొలుసుల దూరం కొలిచి, పరగణా హద్దురాయి పాతించాడు. హద్దుకు ఇరవై అడుగులు లోపల ఒక ఊట ఉంది. దొర వెళ్తూ నన్ను కరణంగారి తండ్రికి ఇచ్చిపోయాడు. కిందటేడు వానలకు హద్దురాయి కొట్టుకుపోయింది. అమీను నాతోనే మళ్ళీ నూరు గొలుసులు కొలిపించాడు. ఈసారి ఊట హద్దు అవతల పడింది.

అవతలంటే పొరుగు పరగణా. వాళ్ళు అప్పుడే ముళ్ళకంచె నరికి సిద్ధంగా పెట్టుకున్నారు. వేసవిలో ఊటగెడ్డలోని డెబ్బై ఇళ్ళకూ ఆ నీళ్ళే దిక్కు. ఆ పూట కరణంగారు పటం మీద సంతకం చేస్తే ఇక అంతే.

ఎందుకలా పడిందో నాకు తెలుసు. కొలతకు ముందు నెలలో గవరయ్య తన ఎద్దును నాతో కట్టేశాడు. అది గుంజుకుంటే ఒక లింకు తెగింది. తెగినదాన్ని పారేసి, రెండు కొసలూ తీగతో కలిపి, ఎవరికీ చెప్పలేదు. అరవై ఆరు అడుగుల పొడవుకు నూరు లింకులుండాల్సిన నాకు తొంభై తొమ్మిదే మిగిలాయి. గొలుసుకొక లింకు చొప్పున నూరు గొలుసులకు నూరు లింకులు తగ్గాయి. అంటే సరిగ్గా నా ఒంటి పొడవంత తప్పు.

నాకు నోరుండి ఉన్నా చెప్పేదాన్ని కాను. అందరూ మెచ్చుకునే పటం లోపల తప్పుందని గవరయ్య కాక నాకొక్కదానికే తెలుసు. అందులో ఎంత హాయి ఉందో. ఊట సంగతి నేను తలుచుకోలేదు.

తవిటమ్మ మాత్రం మెట్టు మీంచి కదల్లేదు. హద్దు పాతిన రోజున ఊరి పిల్లల్ని రాయి దగ్గరికి తీసుకెళ్ళి, చెవి మెలిపెట్టి, వెంటనే బెల్లంముక్క ఇవ్వడం ఇక్కడి పద్ధతి. ఆ నొప్పీ తీపీ చచ్చేదాకా గుర్తుండాలని. యాభై ఏళ్ళ కిందటి ఆ పిల్లల్లో తవిటమ్మ ఒకతె; ఊట మనదేననడానికి తన చెవే సాక్ష్యమంది.

"అయితే నీ చెవి కోసి పటానికి అంటించమంటావా, తవిటమ్మా?" అన్నారు కరణంగారు. అమీను నవ్వాడు.

"మా అయ్య రాయి కాడ మెలెట్టినాడు బాబూ. ఎనక్కొచ్చి ఊటనీళ్ళతో సెవి తడుపుకున్నాను. ముందుకెళ్ళి కాదు, ఎనక్కొచ్చి," అందామె.

కొలిచిన కొలత అబద్ధమాడదని అమీను అన్నాడు. తవిటమ్మ బల్ల కింద ఉన్న నన్ను వేలితో చూపింది.

"నాకు సదువు రాదు. నెక్కెట్టడం వొచ్చు. ఆ గొలుసు ఓపాలి నా ఒళ్ళో ఎయ్యండి."

వేశారు. పది లింకులకొకటి చొప్పున నా ఒంటికి ఇత్తడి బిళ్ళలుంటాయి. ఆమె ఒక్కో లింకునూ బొటనవేలితో తడుముతూ, బిళ్ళ నుంచి బిళ్ళకు లెక్కపెట్టింది. నా ఒళ్ళంతా అలా తాకినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. ఏడో బిళ్ళ దగ్గర ఆగింది. మళ్ళీ వెనక్కి వెళ్ళింది. తొమ్మిదే.

గవరయ్య అప్పటికే తల దించేశాడు.

"ఎద్దుని కట్టినాను బాబూ. తెగిపోనాది. బయపడి సెప్పలేదు," అన్నాడు.

అమీను చెవులదాకా ఎర్రబడ్డాడు. కరణంగారు కలం కింద పెట్టారు. తవిటమ్మ నన్ను మెల్లగా నేల మీద పెట్టింది.

"దీని తప్పేటీ నేదు," అంది.

ఉంది అవ్వా, అనాలనిపించింది. తెగడం నా తప్పు కాదు. తెగినందుకు సంతోషించడం నాదే.

అమీను ఎర్రసిరాతో హద్దును ఒక గొలుసు పడమరకు జరిపి, లోపలికి వచ్చిన ఊట దగ్గర గుండ్రంగా ఒక చుక్క పెట్టాడు. తవిటమ్మకు చదువు రాకపోయినా ఆ చుక్కను చాలాసేపు చూసింది. తర్వాత అందరూ పటం చుట్టూ చేరారు. ఇప్పుడు తిరుగులేకుండా ఉందన్నారు. కొత్త గొలుసు తెప్పిస్తానన్నాడు అమీను.

సుభద్రమ్మ నన్ను రెండు వేళ్ళతో పట్టుకుని సామాన్ల గదిలో పాత జల్లెడల మీద పడేసింది. తలుపు సందులోంచి పటం కనబడుతూనే ఉంది. ఆ ఎర్రచుక్క తప్పు దిద్దిన గుర్తు కదా, మచ్చలా ఉంటుందనుకున్నాను. తెల్లటి నుదుటి మీద బొట్టు పెట్టుకున్నట్టుంది. పటం ఇంకా బాగుంది.

సుభద్రమ్మ తలుపు మూసేసింది.