ఎవరి చెవి వారిదే

స్పీకరు పెట్టెలు మోసేదీ ఆయనే, ఆ పెట్టెల్లోంచి మోత పుట్టించేదీ ఆయనే గనక అత్తారింట్లో అందరూ ఆయన్ని ‘మోత’ అనే పిలిచేవారు. అసలు పేరు పెళ్ళినాడు ఒక్కసారి మైకులో చదివారట. ఆ మైకు బిగించిందీ ఆయనే. అప్పట్నించీ అత్తారి బ్యాండుకి సౌండు మనిషి ఆయనే.

బ్యాండులో పాడేది వదిన, అంటే మోత భార్యకి అక్క. ఆవిడ పక్కన బేస్ గిటారు పట్టుకుని నిలబడేది ఆవిడ మొగుడు, ఆ ఇంటి పెద్దల్లుడు. ఆయన గిటారుకి తీగలు నాలుగే. పూట మొత్తం మీద ఆయన వాడే మాటలు అంతకన్నా తక్కువ. కీబోర్డు మోత భార్యది. డ్రమ్ములు బావమరిదివి. సొంత డప్పు కొట్టుకోవడం లోకంలో చాలామందికి అలవాటే గానీ, దాన్నే వృత్తి చేసుకున్నవాడు ఆ ఇంట్లో వాడొక్కడే.

ఒకే ఇంటివాళ్ళు ఇంతమంది ఒకే స్టేజీ ఎక్కితే ఏమవుతుందో అదే అయింది. ఎవరు వాయించేది వారికి వినపడాలని ఒక్కొక్కరి కాళ్ళ దగ్గర ఒక్కో స్పీకరు, వాళ్ళ మొహం వైపు తిప్పి పెట్టి ఉండేది. బావమరిది తనది పెంచమనేవాడు. వాడిది పెంచితే నాది వినపడి చావడం లేదని మోత భార్య అనేది. పెద్దల్లుడు ఏమీ అనేవాడు కాదు గానీ, అనని మనిషికి అన్యాయం చేయకూడదని మోత ఆయనదీ పెంచేవాడు. ఆ మోత మీద మోతలో వదిన తన గొంతు తనకి వినపడక అరిచేది. ప్రోగ్రాం అయ్యేసరికి గొంతు బొంగురుపోయి, మంచినీళ్ళు కావాలన్నా సైగ చేసేది.

గొంతు డాక్టరు సన్నటి కెమెరా దింపి లోపలంతా చూశాడు. ఇలాగే అరుచుకుంటూ పోతే ఆ గొంతు మిగలదనీ, అరవకుండా పాడతారో, పాడకుండా ఊరుకుంటారో తేల్చుకోమనీ చెప్పాడు. పాట మానకుండా గొంతు కాపాడమనడం గొంతెమ్మ కోరికేమీ కాదు. కానీ ఆ ఇంట్లో అరవకుండా ఏ పనీ జరిగిన దాఖలా లేదు.

వదిన తేల్చేసింది. “వచ్చే టౌన్‌హాలు ప్రోగ్రాంలో కూడా గొంతు పట్టేసిందంటే అదే ఆఖరు. ఆ తర్వాత మీరు వాయించుకోండి, ఒకళ్ళనొకళ్ళు.”

అందుకే మోత ఇయర్ మానిటర్లు తెచ్చాడు. నేల మీద స్పీకర్లుండవు. ఎవరి పాట, ఎవరి వాయింపు వినాలన్నా చెవిలో ఇమిడే చిన్న బుడిపెల్లోనే. నడుముకో చిన్న డబ్బా, డబ్బా నుంచి చెవి వెనకాలగా సన్నటి తీగ, అంతే. స్టేజీ మీద మోత తగ్గితే వదిన అరవక్కర్లేదు, అరవకపోతే గొంతు నిలుస్తుంది. ఆయన లెక్క అది.

రిహార్సల్ గది పరుపుల గోదాము పైఅంతస్తులో ఉంది. అమ్ముడుపోని పరుపులన్నీ గోడలకి నిలబెట్టి ఉండేవి. ఆ పరుపులు శబ్దాన్ని మింగబట్టి గానీ, లేకపోతే చుట్టుపక్కల ఆ ఇంటివాళ్ళ పరువు ఎప్పుడో పోయుండేది. ఆ గదిలో, ప్రోగ్రాం రేపనగా, మోత అట్టపెట్టె విప్పాడు.

“చిన్నబావ ఇన్నాళ్ళూ మన చెవిలో పువ్వులే పెట్టాడు. ఇవాళ ప్లాస్టిక్కు పువ్వులు తెచ్చాడు,” అన్నాడు బావమరిది.

“నీకు అవీ దండగే. వినే అలవాటుంటేగా,” అంది మోత భార్య.

మోత వదిన చెవి పైకొసని మెల్లిగా పైకి లాగి, నలిపిన స్పాంజి బుడిపెని లోపలికి తిప్పి, అది ఉబ్బి కుదురుకునేదాకా వేలితో నొక్కి పట్టుకున్నాడు.

“ఏమయ్యా, మా లెక్కల మాస్టారి తర్వాత నా చెవి ఇంతలా మెలిపెట్టింది నువ్వే,” అంది వదిన.

“ఆయన మెలిపెడితే లెక్కలొచ్చాయా వదినా?”

“రాకపోబట్టేగా పాటల్లో పడ్డాను.”

పాటల్లోనూ తాళం లెక్కలుంటాయని మోత అనబోయాడు. వదినతో వాదిస్తే ఇంకో చెవి మిగిలిపోతుందని ఊరుకున్నాడు.

అందరి చెవులూ మూతపడ్డాక ఒక్కొక్కరి ఫోనులో ఒక్కో తెర తెరిచాడు. తెర మీద వరసగా మీటలు. వదినకొకటి, బేసుకొకటి, కీబోర్డుకి, డ్రమ్ములకి తలొకటి. పెద్ద గదిలో పాడినట్టు గొంతు వెనక కాస్త ప్రతిధ్వని కలిపే ‘గాలి’ మీట ఒకటి. చివర్న ‘మోత’ అని ఇంకొకటి. అది ఆయన తన బల్ల దగ్గర్నించి వాళ్ళ చెవుల్లోకి మాట్లాడే మైకు.

“పైకి తోస్తే పెరుగుతుంది, కిందికి లాగితే మాయమవుతుంది. ఎవరికి ఎవరు ఎంత వినపడాలో వారే పెట్టుకోండి. ఇకనించి నన్ను అడగక్కర్లేదు. ఎవరి చెవి వారిదే,” అన్నాడు మోత, రాజ్యం పంచిపెట్టే మహారాజులా.

అక్కడే బోల్తా కొట్టాడు. మామూలు బ్యాండువాళ్ళకి ఇలాంటి మీటలు ఇస్తే నిమిషంలో సర్దుకుని పాట అందుకుంటారు. ఒకరి నోరు ఒకరు మూయించాలని ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న కుటుంబం చేతికి, నోరు మూయించే మీటే ఇచ్చేశాడు మోత. అందరూ ఫోన్ల మీద వంగారు. ఎంతో తన్మయంగా, మాటా పలుకూ లేకుండా, చూపుడువేళ్ళతో కిందికి, కిందికి లాగారు. అందరి మొహాల్లోనూ ఎన్నడూ లేని ప్రశాంతత. మోత చూసి, అబ్బ, ఎంత బాగా నేర్చుకున్నారో అనుకున్నాడు పాపం.

పాట మొదలైంది. మొదలైందంటే, నాలుగు చోట్ల మొదలైంది. డ్రమ్ములు బస్సు తప్పిపోతుందన్నట్టు పరిగెత్తాయి. కీబోర్డు దారి తెలియని మనిషిలా అక్కడక్కడా ఆగింది. “ఆపండి, మళ్ళీ మొదట్నించీ,” అన్నాడు మోత మైకులో. ఎవరూ ఆపలేదు. గట్టిగా అన్నాడు. బావమరిది తల ఊపుకుంటూ ఇంకా హుషారుగా కొట్టాడు. మోత లేచి రెండు చేతులూ గాల్లో ఊపాడు. మెచ్చుకుంటున్నాడనుకుని వాడూ ఒక కర్ర ఊపాడు.

అదంతా నవ్వుకోడానికి బాగానే ఉండేది, వదిన అరవకపోతే. నేల మీద స్పీకర్లు లేవు. గదిలో డ్రమ్ములు తప్ప వేరే చప్పుడు లేదు. చెవులు మూసే ఉన్నాయి. అయినా ఆవిడ మెడ నరాలు ఉబ్బేలా, కళ్ళు గట్టిగా మూసుకుని, వీధి చివర వెళ్ళిపోతున్న మనిషిని పిలుస్తున్నట్టు పాడుతోంది. రెండో చరణంలో పైకి వెళ్ళబోయిన గొంతు గుడ్డ చిరిగినట్టు చిరిగింది.

పాట ఆగింది. వదిన చెవుల్లోంచి రెండూ లాగేసి బల్ల మీద పెట్టింది.

“నువ్వు చెయ్యగలిగింది చేశావు మోతా,” అంది బొంగురుగా. “రేపటికి మాటిచ్చాం గనక వస్తాను. ఆ తర్వాత ఈ గది పరుపులవాళ్ళకి ఇచ్చెయ్యండి.”

వెళ్ళి మెట్ల మీద కూర్చుంది. తిట్టలేదు, తలుపు ధడేలున వెయ్యలేదు. అందరూ అందుకే భయపడ్డారు. పెద్దల్లుడు తీగలు మోగకుండా వాటి మీద అరచెయ్యి ఆనించి, తలుపు వైపు చూస్తూ నిలబడిపోయాడు.

మోత హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. బల్ల దగ్గర కూర్చుంటే ఎవరి చెవిలో ఏం మోగుతోందో ఆయన వినొచ్చు, వాళ్ళు మీటలు ఎక్కడ పెట్టుకున్నారో చూడొచ్చు. రిహార్సల్ మొత్తం రికార్డవుతూనే ఉంది. ఆ పాటే వెనక్కి తిప్పి, ముందుగా బావమరిది చెవిలోకి దూరాడు. డ్రమ్ములు, డ్రమ్ములు, ఇంకా డ్రమ్ములు. బేస్ లేదు, కీబోర్డు లేదు. వదిన మాత్రం ఉంది.

భార్య చెవిలోకి వెళ్ళాడు. కీబోర్డు ధారాళంగా ఉంది. తమ్ముడి డ్రమ్ములు పూర్తిగా మాయం. ‘మోత’ మీట అట్టడుగున ఉంది. అందరి దగ్గరా ఆ మీట అట్టడుగునే ఉంది. పెడచెవిన పెట్టడమంటే ఏమిటో మోతకి అంత సూటిగా ఎవరూ చూపించలేదు.

“నువ్వూనా?” అన్నాడు భార్యతో.

“ఇంట్లో ఎలాగూ తప్పదు. ఇక్కడైనా కాస్త అనుకున్నాను,” అంది భార్య, ఏమాత్రం మొహమాటం లేకుండా.

కానీ ఆవిడ చెవిలోనూ వదిన ఉంది, నిండుగా. పొద్దున లేస్తే అక్కతో పోట్లాడే మనిషి అక్క గొంతుని మాత్రం ఒక్క వెంట్రుకవాసి తగ్గించలేదు.

పెద్దల్లుడి చెవిలోకి వెళ్ళి మోత కొంచెంసేపు అక్కడే ఉండిపోయాడు. డ్రమ్ములు దూరంగా, పక్కవీధిలో ఉన్నట్టున్నాయి. ఆయన బేసే ఆయనకి లీలగా వినపడుతోంది. మధ్యలో వదిన గొంతొక్కటే, దగ్గరగా, వెనక కాస్త గాలితో. ఆ గాలి మీట ఇంకెవరూ ముట్టుకోలేదు. అందులో బొంగురు లేదని కాదు, ఉంది. అది పాటకి పట్టిన తుప్పులా కాకుండా పాటకి వచ్చిన వయసులా వినపడింది.

చివరికి వదిన చెవి. అన్నీ ఉన్నాయి. తమ్ముడు ఉన్నాడు, చెల్లెలు ఉంది, మొగుడు ఉన్నాడు, ముగ్గురూ నిండుగా. వదిన మాత్రం లేదు. తన మీట తనే అట్టడుగుకి లాగేసుకుంది.

మోత హెడ్‌ఫోన్లు తీసి మెట్ల మీదికి వెళ్ళాడు. పక్కన చోటు లేక రెండు మెట్లు కింద కూర్చున్నాడు.

“అందరి చెవుల్లోనూ మీరున్నారు వదినా, మీ చెవిలో తప్ప.”

వదిన చీర కొంగు అంచు వేళ్ళకి చుట్టుకుంది.

“చూసేశావన్నమాట.”

“నా పనే అది. లోకంలో పక్కవాళ్ళ చెవులు కొరికేవాళ్ళుంటారు, నేను దూరేవాణ్ణి.”

“జోకులాపు,” అంది గానీ కసిరినట్టు లేదు. “ఏడాదైందయ్యా నా గొంతు నేను విని. నా బుర్రలో పాత గొంతుంది. మైకులో ఇది వినపడగానే, ఎవరీ ముసలిది నా పాట పాడుతోంది అనిపిస్తుంది. భయమేసి నోరు పెగలదు. వినపడకపోతే పాడెయ్యగలను.”

“వినపడకే అరుస్తున్నారు వదినా. అరిస్తేనే అది ఇంకా పోతుంది.”

“నాకు తెలీదనుకున్నావా? తెలిసి ఏం చెయ్యను?”

అలాంటప్పుడు ఏదో ఒకటి వాగి నవ్వించడం మోత అలవాటు. ఈసారి వాగకుండా ఆలోచించాడు.

“మీ చెవితో వినొద్దు. అన్నయ్య చెవితో ఒక్క పాట వినండి. నచ్చకపోతే నేనే పెట్టెలన్నీ కిందికి మోసేస్తాను.”

“ఆయన చెవా? ఉందా అసలు? పాతికేళ్ళుగా మాట్లాడుతున్నాను, ఒక్కదానికీ జవాబు లేదు.”

లోపలికి వచ్చింది. మోత పెద్దల్లుడి మీటలు ఎలా ఉన్నాయో అచ్చం అలాగే వదిన వైపుకి ఎక్కించాడు. బావమరిదిని ఈసారి మెత్తటి కర్రలతో కొట్టమన్నాడు. మిగతావాళ్ళ ఫోన్లు లాక్కుని అందరికీ అందరినీ తిరిగి పెట్టాడు. ‘మోత’ మీట కూడా కొంచెం పైకి తోశాడు, మరీ అత్యాశకి పోకుండా.

పాట మళ్ళీ ఎత్తుకున్నారు. వదిన మొదటి మాట అలవాటు కొద్దీ గట్టిగానే పలికి, ఉలిక్కిపడింది. రెండో మాట తగ్గింది. మూడో మాటకి కళ్ళు తెరిచింది. పల్లవి చివరికి వచ్చేసరికి పక్క గదిలో పాపాయి నిద్రపోతున్నట్టు పాడుతోంది. మెడ మీద నరమన్నది కనపడలేదు. చిరిగిన చోటు దగ్గరికి వచ్చింది, దాన్ని తోసుకుని వెళ్ళకుండా పక్కనించి మెల్లిగా దాటేసింది.

పాట అయ్యాక మొగుడి వైపు తిరిగింది.

“ఇలా పెట్టుకుంది మీరేనా?”

పెద్దల్లుడు తలూపాడు.

“మీ గిటారు మీకే వినపడదు కదండీ ఇలా అయితే.”

“నాది నాకు తెలిసిందే కదా,” అన్నాడాయన. అని, ఆ రోజు కోటా ఇంకా మిగిలిందేమో, “నీది వినాలి,” అన్నాడు.

వదిన చెవిలోని బుడిపెని వేలితో ఇంకాస్త లోపలికి నొక్కుకుంది. “మాట్లాడకపోతే వినట్లేదనుకున్నాను,” అంది, ఎవరితోనో తెలియకుండా.

బావమరిది గొంతు సవరించుకుని, “అక్కా, మరి నా డ్రమ్ములు కూడా ఆయన చెవిలో...” అన్నాడు.

“నోర్ముయ్యరా,” అన్నారు అక్కచెల్లెళ్ళిద్దరూ, మంచి శ్రుతిలో.

మర్నాడు టౌన్‌హాలు నిండింది. మోత హాలు వెనక తన బల్ల దగ్గర నిలబడి, మీటల వరస మీద వదిన చెవినే తెరిచి పెట్టుకున్నాడు. అక్కడ ఆవిడ ఫోనులో ఏది జరిపితే ఇక్కడ ఆ మీట దానంతటదే జరుగుతుంది. మొదటి రెండు పాటలూ పెద్దల్లుడి చెవితోనే నడిచాయి. రెండోది అయ్యాక, జనం చప్పట్లు కొడుతుండగా, వదిన నీళ్ళసీసా అందుకోబోయి దాని పక్కనున్న ఫోను తీసుకుంది.

‘వదిన’ అని రాసి ఉన్న మీట వణికినట్టు కదిలింది. మళ్ళీ కిందికి లాగేసుకుంటుందా అని మోత వేలు దాని పక్కకి వెళ్ళింది గానీ ముట్టుకోలేదు. మీట ఒక్క క్షణం అక్కడే ఆగి, మెల్లిగా పైకి వెళ్ళింది.

వదిన కాలి దగ్గర ఒక మీట ఉంది. దాన్ని తొక్కితే ఆవిడ మాట హాలుకి పోకుండా బ్యాండు చెవుల్లోకి, మోత హెడ్‌ఫోన్లలోకి మాత్రమే వస్తుంది. తొక్కింది.

“ఏమయ్యా మోతా, వెనక వరస దాకా నేను వినపడుతున్నానా? లేదన్నా సరే నేను అరవను. ముందే చెబుతున్నాను.”

మోత హాలు మీట ఇంత పైకి తోసి, తన మైకు దగ్గరికి లాక్కున్నాడు.

“శుభ్రంగా వినపడుతున్నారు వదినా.”

“నాకూనయ్యా,” అంది వదిన. కాలు తీసేసి, తర్వాతి పాట ఇంకాస్త మెల్లిగా అందుకుంది.