మూడు శాఖల పాఠం

చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అనలేదు. మా ఆయన విశ్వనాథం గుడివాడ కాలేజీలో ముప్పై ఏళ్ళు పొలిటికల్ సైన్స్ చెప్పారు. అమెరికా రాజ్యాంగం ఆయనకి కంఠతా. ఆ పాండిత్యమే మా కొంప ముంచింది.

ఇప్పుడు అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో మా అమ్మాయి రాగిణి దగ్గరుంటున్నాం. ఇద్దరికీ గ్రీన్ కార్డులే, పౌరసత్వం ఇంకా రాలేదు. డ్రైవింగ్ లైసెన్స్‌కి వెళ్తే, ఓటరుగా కూడా నమోదు చేసుకుంటారా అని అడిగారట. ఈయన ఊ కొట్టారు. ఓటరు కార్డు పోస్టులో వచ్చింది. అంతలో మాకు గుళ్ళో పరిచయమైన శ్రీధర్ స్కూల్ బోర్డు ఎన్నికల్లో నిలబడ్డాడు. మనవాడు నిలబడితే మనం వెయ్యకపోతే ఎట్లా అన్నారీయన.

"సిటిజన్లు కాకుండా వెయ్యచ్చా?" అని అడిగాను.

"ఇది సమాఖ్య దేశం. ప్రెసిడెంటుని ఎన్నుకోవాలంటే పౌరుడై ఉండాలి. స్కూల్ బోర్డు స్థానిక వ్యవహారం. నీకు తెలీదు, ఊరుకో."

ఊరుకున్నాను. పెళ్ళయినప్పట్నించీ నాకదే ఉద్యోగం. ఆయన వెళ్ళి ఓటేసొచ్చారు.

పౌరసత్వం ఇంటర్వ్యూలో అడిగినవాటికే కాదు, అడగనివాటికీ జవాబులు చెప్పొచ్చారు. చివర్లో ఆఫీసరు, ఎప్పుడైనా ఓటేశారా అంటే, వేశానని గర్వంగా చెప్పారట. బయటికొచ్చేసరికి మొహంలో నెత్తుటి చుక్క లేదు. పౌరుడు కానివాడు ఓటేస్తే దేశం నుంచే పంపించేస్తారని అప్పుడు తెలిసింది. కొన్నాళ్ళకి ఇమిగ్రేషన్ కోర్టుకి రమ్మని నోటీసొచ్చింది.

విచిత్రం, కోర్టు మాట చూశాక ఆయనకి ప్రాణం లేచొచ్చింది. మా లాయరు అవని ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఆ పిల్లకీ పాఠం మొదలెట్టారు.

"నోటీసిచ్చింది కార్యనిర్వాహక శాఖ. తీర్పు చెప్పేది న్యాయశాఖ. వీళ్ళు తప్పు చేస్తే వాళ్ళు ఆపుతారు. మూడు శాఖలు వేరువేరుగా పెట్టింది అందుకేనమ్మా."

అవని ఓపిగ్గా విన్నది. "అంకుల్, ఆ జడ్జ్ జ్యుడీషియరీలో లేరు. ఇమిగ్రేషన్ కోర్ట్ కూడా ఎగ్జిక్యూటివ్ బ్రాంచే. కేస్ పెట్టేది వాళ్ళే, డిసైడ్ చేసేది వాళ్ళే. ఫస్ట్ అప్పీల్ కూడా వాళ్ళ దగ్గరికే. మీరు చెప్పే కోర్ట్ ఆ తర్వాతే, చాలా దూరం."

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. "నేను పిల్లలకి ఇన్నాళ్ళూ చెప్పింది ఇది కాదే," అన్నారు, నాతో కాదు, అవనితోనూ కాదు. ఆ రోజు అన్నం ముట్టలేదు.

విచారణ రోజు డెట్రాయిట్‌లో, నల్లగౌను తొడుక్కున్న జడ్జి మర్యాదగానే అడిగాడు, ఏమైనా చెప్పుకుంటారా అని. ఈయనేమో గంట కొట్టినా క్లాసు వదలని మనిషి.

"నథింగ్, సర్."

దేశం విడిచి వెళ్ళాలని జడ్జి ఆర్డరు చదివాడు. నాకు దుఃఖం ఆగలేదు.

"అంకుల్, అప్పీల్ చేద్దాం," అంది అవని.

"ఎవరికమ్మా?" అన్నారు.

జవాబు తెలియని ప్రశ్న ఆయన నోటి వెంట రావడం నేనదే మొదటిసారి వినడం.