గట్టు మీద చదివిన మనిషి

ఆదివారం పొద్దున్న రేడియోలో చరిత్ర ప్రసంగం ఉందంటే, చర్చికి ఆలస్యమైనా సరే, జ్ఞానమ్మ టీచరు కుర్చీలోంచి కదిలేది కాదు. రిటైరైన దగ్గర్నుంచీ ఆవిడకు పట్టుకున్న పిచ్చి చరిత్ర. అమలాపురం లైబ్రరీకి కొత్త పుస్తకం వచ్చిందంటే ముందు ఆవిడ చేతిలో పడాల్సిందే. చదువుతున్నంతసేపూ గొణుగుడే.

"ఈ రాజు ఆ రాజుని కొట్టేడు, ఆ రాజు ఈ గుడికి మాన్యం ఇచ్చేడు. ఆ మాన్యంలో నాట్లు ఊడ్చిందెవరో, కోసిందెవరో ఒక్కడూ రాసి చావడు" అని భర్త దానియేలు మీద ఎగిరేది, ఆ పుస్తకాలన్నీ ఆయనే రాసినట్టు.

అందుకే తాతారావు మాస్టారి రేడియో ప్రసంగాలంటే ఆవిడకు అంత ఆశ. కాలేజీలో చరిత్ర చెప్పి దిగిపోయిన మనిషి. టేప్‌రికార్డరు భుజాన తగిలించుకుని ఊళ్ళు తిరిగి, ముసలివాళ్ళను కదిపి మరీ చెబుతాడు. నాలుగేళ్ళ కిందట ఆయన్ని కాట్రేనికోన అవతల పల్లెలో ఉన్న తన తల్లి ఎస్తేరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది కూడా జ్ఞానమ్మే.

ఆ మధ్యాహ్నమంతా ఎస్తేరమ్మ చెప్పింది. ఊడుపుల రోజుల్లో కూలి ఆడవాళ్ళు తమలో చదువొచ్చిన మనిషిని గట్టు మీద కూర్చోబెట్టేవారు. ఆమె కథల పుస్తకం పైకి చదవాలి, ఆమె వంతు నాట్లు మిగతావాళ్ళు పంచుకుని వెయ్యాలి. ఆ గట్టు మీది మనిషి ఎస్తేరమ్మే. ఓ రోజు భూస్వామి చూసి, పుస్తకం కాలవలోకి విసిరేయించి, అందరికీ కూలి ఎగ్గొట్టాడు. మర్నాడు ఒక్క ఆడది చేలో దిగలేదు. నారు ఎండిపోతుంటే చివరికి ఆయనే కబురంపుకున్నాడు. ఇదంతా చెప్పి, అప్పటి కథొకటి రాగం తీసి వినిపించింది కూడా.

మరుసటి ఏడు ఎస్తేరమ్మ పోయింది. ఆమె గొంతు ఈ లోకంలో ఆ క్యాసెట్టులోనే మిగిలింది. కాపీ ఇప్పించమని జ్ఞానమ్మ ఎప్పుడడిగినా మాస్టారిది ఒకటే మాట: "ఆయ్, ఇస్తానండి టీచరుగారూ. పుస్తకం పని అవ్వనివ్వండి."

పుస్తకం పని అయింది. లైబ్రరీ హాల్లో ఆవిష్కరణ, మీకూ శాలువా కప్పుతాం రమ్మని జ్ఞానమ్మను పిలిచారు. ముందురోజే ఒక ప్రతి ఇంటికి పంపారు. అక్కడే పొరపాటు చేశారు. మన సభల్లో వేదికెక్కేవాళ్ళు అట్ట చూసి పొగుడుతారు గాని లోపల చదివే అలవాటు ఎవరికుంది? జ్ఞానమ్మకు ఉంది.

అందులో ఎస్తేరమ్మ పేరే లేదు. ఆ భూస్వామి, అంటే మర్నాటి సభకు ముఖ్య అతిథి బంగారరాజు గారి తాతగారు, కూలీల మీద దయతో, వాళ్ళ విజ్ఞానం కోసం, పొలం గట్టు మీద పురాణ పఠనం ఏర్పాటు చేసిన ఉదారులట!

జ్ఞానమ్మకు ఒళ్ళు మండిపోయింది. రాజుల కథలు రాసేవాళ్ళే నయం, మనల్ని వదిలేశారు, అంతే. ఈయన ఇంటికొచ్చాడు, అమ్మ ఇచ్చిన కొబ్బరినీళ్ళు తాగాడు, అమ్మ చేసిన పనిని ఆమె పుస్తకం పారేయించినవాడికి దానం చేశాడు. ఇంతకంటే దొంగతనం ఉంటుందా?

"రేపు వెళ్ళకు. నీ బీపీ సంగతి నీకు తెలీదా?" అన్నాడు దానియేలు.

"వెళ్తాను. క్యాసెట్టు తెచ్చుకోవాలి. ఎవరు ఉదారులో మా అమ్మే చెబుతాది."

మర్నాడు సభ మొదలుకాకముందే మాస్టార్ని పట్టుకుంది. "క్యాసెట్టు ఏదండీ?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అదేనండీ... ఆ వేళ తిరిగొస్తా బంగారరాజుగారింట్లో ఆగేనండి. ఆయన మాట్లాడతానన్నారు. నా దగ్గర వేరే క్యాసెట్టు లేదండి. అమ్మగారు చెప్పింది బుర్రలో ఉంది కదా అని... దాని మీదే ఆయన మాటలు ఎక్కించేసేనండి."

జ్ఞానమ్మకు తల్లి రెండోసారి చచ్చిపోయినట్టయింది. ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది, అదీ మామూలు కోపం కాదు.

పేరు పిలవగానే వేదికెక్కి, శాలువా పక్కకు నెట్టి మైకు అందుకుంది. "మా అమ్మ పేరు ఎస్తేరమ్మండి. గట్టు మీద చదివింది మా అమ్మ. ఆ పుస్తకం కాలవలో పారేయించింది ఇదిగో, ఈ బంగారరాజుగారి తాతగారు."

ముఖ్య అతిథి కుర్చీలో ఉన్న బంగారరాజు లేచి నిలబడ్డాడు. "ఏవిటండీ ఇది మాస్టారూ!"

ఎవరో మైకు ఆపేశారు. ముప్పై ఏళ్ళు మైకు లేకుండా పాఠం చెప్పిన మనిషికి మైకెందుకు? ఊడుపులు మానేసిన సంగతి, భూస్వామి దిగొచ్చిన సంగతి చివరి వరుసకు వినపడేలా చెప్పింది. తల్లి పాడిన కథ కూడా అందుకుంది గాని, సగంలో ఆగిపోయింది.

"మిగతాది నాకు రాదండి. మా అమ్మకే వచ్చు" అని దిగిపోయింది.

మాస్టారు గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చాడు. చేతిలో టేప్‌రికార్డరు.

"టీచరుగారూ, ఇందాక చెప్పేరే, అదంతా ఇంకొక్కసారి చెప్పండి. రికార్డు చేసుకుంటానండి. రెండో ముద్రణలో తప్పకుండా..."

జ్ఞానమ్మ చెప్పులు వేసుకుంటూ తలెత్తింది.

"ఈసారి ఎవరి గొంతు మీదండీ?"