జోజమ్మ ఎంచిన పరీక్ష

మరుగుతున్న నీళ్లలోంచి గాజు సిరంజిని పట్టకారుతో పైకి తీసి, జోజమ్మ కిటికీ వెలుతురులో తిప్పి చూసింది. చిన్న బీట కనిపించింది. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీసింది. ఆమెది పొట్టి శరీరం. కుడిచేతి వేళ్ల కొసలు మందులు తగిలి తగిలి పసుపు ముద్దలో ముంచినట్టుండేవి. జాకెట్టుకు యాసిడ్ చేసిన చిల్లులకు తనే మాట్లు వేసుకునేది.

తిరువూరు బస్టాండు వెనకున్న ఆ చిన్న ఆసుపత్రిలో లాబు గది ఒకప్పటి వంటగది. పదహారో ఏట మిషను ఆసుపత్రిలో సీసాలు కడిగే పనికి చేరిన జోజమ్మ, చూసి చూసి మైక్రోస్కోపు నేర్చుకుంది. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోయాడు. అప్పటినుంచి ముప్పై ఏళ్లుగా, మొదట అక్కడా తర్వాత ఇక్కడా, ఊరివాళ్ల రక్తమూ కఫమూ ఆమె చేతిమీదుగానే వెళ్లాయి. అందుకు ఆమె ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు. గాజు గొట్టంలో రంగు తేరుకుని నిలిచే క్షణం ఆమెకు రోజూ కొత్తగానే ఉండేది.

అది పంతొమ్మిది వందల డెబ్భై అయిదు, ఏప్రిల్. ఎనిమిదింటికే పెంకులు వేడెక్కుతున్నాయి. వినగడప ఊరి సుబ్బాయమ్మ భుజాల చుట్టూ దుప్పటి కప్పుకుని లోపలికొచ్చి బల్ల మీద కూలబడింది.

ఆరేళ్ల కిందట ఆమె గొంతు మీది గడ్డ కోసి తీశారు. దాంతోపాటే థైరాయిడ్ గ్రంథి కూడా చాలావరకు పోయింది. ఆ గ్రంథి చేసే పని ఇప్పుడు రోజూ వేసుకునే ఒక మాత్ర చేస్తోంది. గడ్డ కోశాక, మాత్ర మొదలుపెట్టేలోపు ఆమె కుంపటి ముందు కూర్చునే నిద్రపోయి చెయ్యి కాల్చుకుంది. అత్తవారింట ఒళ్లు వంగని మనిషన్నారు.

“ఈ ఎండలో దుప్పటేంటమ్మా?” అంది జోజమ్మ.

“చలేస్తంది జోజమ్మా. డాక్టరమ్మేమో మాత్ర సగం చెయ్యాలంటంది. బెజవాడ రిపోర్టులో ఎక్కువొచ్చిందంట. మళ్లీ కుంపట్లో పడేది నేనేగా?”

ఆమె గొంతు బొంగురుపోయింది. కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి. జోజమ్మ ఆమె మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. నాడి నిమిషానికి యాభై ఆరే. రిపోర్టు తీసుకుని చదివింది. రక్తంలో అయోడిన్ కొలిచి, మాత్ర సరిపోతోందో లేదో చెప్పే పరీక్ష అది. అంకె ఉండాల్సినదానికి రెట్టింపు ఉంది. మాత్ర ఎక్కువైతే ఒళ్లు వేడెక్కి నాడి పరిగెత్తాలి. మనిషేమో అందుకు పూర్తిగా విరుద్ధంగా ఉంది.

“మాత్ర రోజూ వేసుకుంటున్నారా?”

“ఒక్కరోజు మానలేదు.”

“ఈమధ్య ఎక్కడన్నా ఎక్స్‌రే తీయించారా?”

“పోయిన్నెల కడుపునొప్పికి తీశారు. ముందురోజు ఏవో మాత్రలు మింగించారు.”

పిత్తాశయం ఎక్స్‌రేలో కనపడాలని ఇచ్చేవవి. ఆ మాత్రల నిండా అయోడినే. నెలల తరబడి ఒంట్లోంచి పోదు. పాతికేళ్ల కిందట మిషను ఆసుపత్రిలో ఉన్నప్పుడు అంతోనమ్మ టీచరుకు ఇలాంటి అంకె చూసే మాత్ర ఆపేశారు. తప్పని తోచినా, చెప్పడానికి తనెవరని జోజమ్మ ఊరుకుంది. ఆ టీచరు మళ్లీ బడికి వెళ్లలేదు.

ఆమె రిపోర్టు పట్టుకుని డాక్టరు ప్రమీలారాణి గదిలోకి వెళ్లింది.

“డాక్టరమ్మా, ఈ అంకె థైరాయిడ్ మాత్రది కాదండి. ఎక్స్‌రే మాత్రలది.”

ప్రమీలారాణి తలెత్తింది. ముప్పై నిండని మనిషి. “ఎక్స్‌రే సంగతి నాకు చెప్పలేదే!”

“కడుపునొప్పికీ దీనికీ సంబంధం ఉంటుందని ఆవిడకేం తెలుసండి?”

డాక్టరమ్మ రిపోర్టు అందుకుని మళ్లీ చదివింది. “అయితే ఏ పరీక్ష చేద్దామంటారు? వెల్లూరు పెద్దాసుపత్రిలో ఇప్పుడు నేరుగా హార్మోన్నే కొలుస్తున్నారట.”

“పంపండి. కాకపోతే నెల పడుతుంది. ఈలోపు నేను కొలెస్ట్రాల్ చూస్తాను, థైరాయిడ్ మందు చాలకపోతే అది పెరుగుతుంది కదండీ. పొద్దుట్నించీ ఏమీ తినలేదంటున్నారు. అదొక్కటే నమ్మద్దు, మీరు మడమ పైన చిన్న సుత్తితో కొట్టి, పాదం ఎంత నెమ్మదిగా వెనక్కొస్తుందో చూడండి. ఆవిడ బాగున్నప్పటి అంకెలు నా పుస్తకంలో ఉన్నాయి.”

రక్తం తీసి, పైకి తేరిన పసుపు నీటిని వేరు చేసి మందులు కలిపింది. గొట్టంలో లేతగా మొదలైన ఆకుపచ్చ చూస్తుండగానే గోరింటాకు ముద్దలా చిక్కబడింది. ఏడాది కిందట రెండువందల పది. ఇప్పుడు మూడువందల నలభై. నమ్మకం చాలక మళ్లీ చేసింది. అంతే వచ్చింది. అవతలి గదిలో సుత్తి దెబ్బకు సుబ్బాయమ్మ పాదం కదిలింది గాని, వెనక్కి రావడానికి బద్ధకించింది.

మాత్ర సగం కాలేదు. ఇంకో పావు పెరిగింది.

“అయితే నాది సోమరితనం కాదుగా?” అంది సుబ్బాయమ్మ.

“కాదమ్మా. మందు చాలక.”

“ఈ మాట మా అత్తగారితో చెప్పనా?”

“చెప్పండి. కావాలంటే కాయితం మీద రాసిస్తాను.”

సుబ్బాయమ్మ నవ్వబోయి దుప్పటి కొసతో కళ్లు తుడుచుకుంది. ఆమె వెళ్లాక ప్రమీలారాణి లాబు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. “సగం చేసి పంపేసేదాన్ని జోజమ్మగారూ.”

“విన్నారు కదండీ. చాలు.”

మధ్యాహ్నం పెరుగన్నం తిని జోజమ్మ ఇంకో ఆరు పరీక్షలు చేసింది. గొట్టాలన్నీ కడిగి బోర్లించింది. లోపలెక్కడో పాతికేళ్లుగా ఉన్న బరువు కాస్త పక్కకు జరిగినట్టనిపించింది. అయిదింటికి వరండా బల్ల మీద కూర్చుని కాంపౌండరు ఆదిశేషయ్యను పిలిచింది.

“టీ తెప్పించవయ్యా. ఇవాళ పంచదార కొంచెం ఎక్కువెయ్యమను.”

అతను టీ తెచ్చేసరికి ఆమె గోడకు తల ఆనించి కళ్లు మూసుకుని ఉంది. అలసిపోయిందనుకుని గ్లాసు పక్కన పెట్టి వెళ్లాడు. ఆమె ఎక్కాల్సిన ఎ.కొండూరు బస్సు హారన్ వినపడ్డాక వచ్చి పిలిచాడు. మళ్లీ పిలిచాడు. ప్రమీలారాణి పరుగున వచ్చి మణికట్టు పట్టుకుంది. నాడి దొరకలేదు. అయినా చాలాసేపు వదల్లేదు.

ఆదిశేషయ్య తలుపు వెయ్యడానికి లాబు గదిలోకి వెళ్లాడు. కిటికీ చువ్వ మీద జోజమ్మ ఆరేసిన చేతిగుడ్డ ఒక కొస ఇంకా తడిగానే ఉంది.