హ్యాష్ గుర్తు లేని వరుస

వదినామరదళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. ఇంత పెద్ద యుద్ధానికి కారణం ఆస్తీ కాదు, నగలూ కాదు. ఓ చిన్న టెక్స్ట్ ఫైలు.

సంగతేమిటంటే, ఆ ఇంటి పుస్తకాలన్నీ హాల్లోని పాత కంప్యూటర్‌లో ఉంటాయి. ఏ పుస్తకం ఏ అరలోకి పోవాలో, ఎవరి తెర మీద ఏది కనిపించాలో ఆ ఫైల్లో వరుసగా రాసిపెడితే, కంప్యూటర్ కిక్కురుమనకుండా సర్దేస్తుంది. వరుస ముందు హ్యాష్ గుర్తు పెడితే మాత్రం అది మనుషులు మనుషులకు రాసుకున్న మాట. కంప్యూటర్ దాని జోలికి పోదు.

వదిన పళ్ళ డాక్టరు, పైగా సర్దుడు పిచ్చి. ఆడపడుచు నాటకాలకు లైట్లు వేస్తుంది. సగంలో వదిలేసిన పుస్తకాలకు "తర్వాత చూద్దాం" అని ఓ అర పెట్టుకుంది. వదిన ఓ రోజు ఆ అర ఎత్తేసి, పుస్తకాలన్నీ రచయితల పేర్ల వరుసలో కలిపేసింది. ఇంకేముంది, పిల్ల అగ్గిమీద గుగ్గిలం!

నోళ్ళు మూతపడ్డాయి గానీ పోట్లాట ఆగుతుందా? ఫైల్లోకి ఎక్కింది.

"# అడక్కుండా నా అర ముట్టుకున్నవాళ్ళకి చేతి దురద ఎక్కువ."

"# మొదలెట్టింది పూర్తి చెయ్యనివాళ్ళకి రోషం ఎక్కువ."

ఆడపడుచు ఆదివారం నాటకశాల దగ్గరి అద్దెగదికి మారుతోందని అందరికీ తెలుసు. ఆలోగా ఎవరో ఒకరు దిగిరాకపోతారా అని వదిన ధీమా. ఆ ఒకరు తను కాకూడదని బెట్టు. తీరా శనివారం క్లినిక్‌లో ఉండి ఫోన్‌లో ఆ ఫైలు తెరిచి చూస్తే ఏముంది? లైబ్రరీని రెండు ముక్కలు చేసే వరుస, రేపటి తేదీతో! అంటే పిల్ల పుస్తకాలు పంచుకుని, పలకరించకుండానే పోతుందన్నమాట. అలా పోయిన మనిషి మళ్ళీ గడప తొక్కుతుందా? వదినకు ఏడుపు తన్నుకొచ్చింది.

కుర్చీలో పేషెంటు నోరు తెరిచి, మత్తు ఎక్కేదాకా ఎదురుచూస్తున్నాడు. వదిన గబగబా ఓ వరుస కొట్టి, సేవ్ చేసి, గ్లవ్స్ తొడుక్కుంది. తొందరలో ముందు పెట్టాల్సిన హ్యాష్ గుర్తు మరిచిపోయింది.

కంప్యూటర్ ఆ వరుసను ఆజ్ఞ అనుకుంది. ఎంతకీ అర్థం కాక, సర్దడం ఆపేసి, ఇంట్లో ప్రతి తెర మీదా ఫిర్యాదు వేసింది: "ఈ వరుస తెలియలేదు: నువ్వు కూడా వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాకెవరున్నారే?"

పన్ను పీకి చేతులు కడుక్కునేసరికి ఫోన్ మోగింది. అత్తగారు.

"ఏమ్మా, నా నవల్లో సరిగ్గా హంతకుడు దొరికే పేజీలో నీ ఏడుపేంటి? నీకు నేను లేనూ?"

వెనకాలే భర్త మెసేజ్: "మరి నేనెవర్ని?"

వదినకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రం పిల్లిలా ఇంట్లో అడుగుపెట్టింది. హాల్లో అట్టపెట్టెల మధ్య, కంప్యూటర్ ముందు ఆడపడుచు కూర్చుని ఉంది. ముక్కు ఎర్రబడింది, నవ్వు ఆపుకుంటోంది.

"తిట్లన్నీ గుట్టుగా తిట్టి, ఒక్క మంచిమాట మాత్రం ఇల్లంతా టముకు వేశావేం వదినా?"

"దాన్ని ముందు తీసెయ్, నీకు పుణ్యముంటుంది."

"తీసేస్తా. నోటితో చెప్తేనే."

పొద్దుట్నుంచీ అందర్నీ నోరు తెరవమన్న మనిషికి తన నోరు పెగల్లేదు. చెప్పులు విప్పింది, సంచి బల్ల మీద పెట్టింది, మళ్ళీ తీసి కుర్చీలో పెట్టింది. ఆడపడుచు కదల్లేదు, చూపూ తిప్పలేదు.

"నువ్వు లేకపోతే నాకు తోచదే," అంది వదిన చివరికి. "నీతో పోట్లాడకపోతే అసలు తోచదు. వెళ్తే వెళ్ళు గానీ, ఇలా మాత్రం వెళ్ళకు."

ఆడపడుచు లేచి వచ్చి గట్టిగా కావలించుకుంది. తర్వాత కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి, పంపకాల వరుసను ఒక్కో అక్షరమే చెరిపింది, వదిన చూస్తూ ఉండగా.